సత్తు పడవ

మన తెలుగువాళ్ళ గరాజుల్లో ఏముంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు కార్లు, నాలుగు బియ్యం బస్తాలు, పిల్లలు తొక్కడం మానేసిన సైకిళ్ళు, పిక్నిక్కులకి వాడే పెద్ద గిన్నెలు, ప్రతి వేసవిలోనూ ఎవరికైనా ఇచ్చేద్దామనుకుని ఇవ్వని అట్టపెట్టెలు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా గరాజు కూడా 2022 మార్చి దాకా అచ్చం అలాగే ఉండేది. ఆ తరవాత అందులోకి ఒక పడవ వచ్చింది. కార్లు బయటికెళ్ళాయి.

నాకు వేట రాదు. చేపలు పట్టడం రాదు. ఈత అసలే రాదు. కొల్లేటి పక్కన కైకలూరులో పుట్టి ఈత రాకపోవడమేమిటని అడక్కండి. మా నాన్న లెక్కల మాస్టారు. నా బాల్యమంతా చెరువు గట్టు మీద కాక ట్యూషన్ చాప మీద గడిచింది. ఆ పుణ్యమా అని ఎమ్మెస్ చదివి, కంప్యూటర్ల ముందు కూర్చుని, ఇంకొకరు ఇరవై ఏళ్ళ కిందట రాసిన ప్రోగ్రాములకి మాట్లు వేసుకుంటూ బతుకుతున్నాను.

ఇంతకీ పడవ ఎలా వచ్చిందంటే, మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. అప్పటికి ఎనభై రెండేళ్ళు. డెట్రాయిట్ కార్ల పరిశ్రమలో టూల్ అండ్ డై పనిచేసి రిటైరైన మనిషి. శీతకాలంలో నేను ఆయన డ్రైవ్‌వే మీద మంచు తీసిపెట్టేవాణ్ణి. ఆయన నా లాన్‌మోయర్ బాగుచేసిపెట్టేవారు. ఆ మార్చిలో షెడ్డు ఖాళీ చేస్తూ నన్ను పిలిచి, టార్పాలిన్ తీసి చూపించారు. పద్నాలుగు అడుగుల అల్యూమినియం పడవ. ఒళ్ళంతా సొట్టలు. బురదరంగు పెయింటు పొలుసులు పొలుసులుగా ఊడుతోంది. నలభై ఏళ్ళు దాన్లో బాతుల వేటకి వెళ్ళారట. మోకాళ్ళు పోయాక, అంటే పదేళ్ళుగా, అది షెడ్డులోనే ఉంది.

"ఒక డాలరుకి నీకిస్తాను. కానీ ఒక షరతు. బాగుచేశాక అక్టోబరులో ఒక్కసారి నన్ను బాతుల దగ్గరికి తీసుకెళ్ళాలి" అన్నారు.

ఎందుకు సరేనన్నానో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. బహుశా ఆ ఏడాది నాకు చేతులతో చేసే పని ఏదో ఒకటి కావలసొచ్చింది.

పడవ మా డ్రైవ్‌వే మీదికొచ్చిన తొమ్మిదో రోజున సబ్‌డివిజన్ అసోసియేషన్ నించి ఉత్తరం వచ్చింది, పడవలు బయట కనబడకూడదని. అలా అది గరాజులోకి, మా ఆవిడ కారు మిషిగన్ మార్చి మంచులోకి వెళ్ళాయి. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ పడవ బాగుచేసి చూడు అన్లేదే!" అంది పొద్దున్నే కారు అద్దం గీకుతూ.

దాని ముక్కు మీద అరిగిపోయిన అక్షరాల్ని బట్టి అది మిర్రోక్రాఫ్ట్ పడవని తెలిసింది. విస్కాన్సిన్‌లోని మానిటోవాక్ అనే ఊళ్ళో అల్యూమినియం వంటపాత్రలు చేసే మిర్రో కంపెనీయే ఈ పడవలూ చేసేదిట. ఆ మాట చెప్పగానే మా ఆవిడ, "అంటే సత్తుగిన్నెల వాళ్ళ పడవన్నమాట" అంది. ఆ రోజు నించి మా ఇంట్లో దాని పేరు సత్తు పడవ.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. చెప్పకుండా రాసేద్దామనుకున్నాను గానీ, చెప్పకపోతే మిగతా కథకి అర్థం ఉండదు.

2021 మే రెండో వారంలో, కరోనా రెండో విడతలో, మా అమ్మ పోయింది. నేను వెళ్ళలేదు. ఆ నెల 4వ తేదీ నించి ఇండియాలో ఉండి వచ్చే మాలాంటి వీసావాళ్ళని అమెరికాలోకి రానివ్వకుండా ఆంక్ష పెట్టారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి అది లేదు. నేను ఇరవై ఏళ్ళకి దగ్గరపడుతున్నా ఇంకా హెచ్1 మీదే ఉన్నవాణ్ణి. వెళ్తే తిరిగి ఎప్పుడొస్తానో తెలీదు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు అన్నీ ఇక్కడ. మీలో చాలామందికి ఇది కొత్త కథ కాదు. మా పెదనాన్న కొడుకు ఫోన్లో వీడియో పెట్టాడు. సిగ్నల్ సరిగ్గా లేక బొమ్మ ఆగిపోయింది. అంతే. నాన్నతో మాత్రం "ప్రయత్నిస్తున్నా నాన్నా" అన్నాను. రెండ్రోజులు అదే మాట అన్నాను.

ఆ ఆంక్ష నవంబరు 8న ఎత్తేశారు. నాన్న మరుసటి ఏప్రిల్లో ఒక్కరే వచ్చారు. "నేను విమానం ఎక్కేలోగా మన ఊరు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి పోయిందిరా" అన్నారు ఎయిర్‌పోర్టులో. అదొక్కటే ఆయన వేసిన జోకు. ఆ తరవాత మాటల్లేవు. పొద్దున్నే లేచి స్నానం చేసి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవారు. నోవై వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్తే వచ్చేవారు, తీసుకెళ్ళకపోతే అడిగేవారు కాదు. పిల్లలు "తాతయ్యా" అని వస్తే తల నిమిరి ఊరుకునేవారు. అమ్మ పేరు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వారం తరవాత అనుకుంటాను, నేను గరాజులో పడవ కింద పడుకుని తిట్టుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"చిల్లులెన్ని?" అన్నారు.

"తెలీదు నాన్నా. వెతుకుతున్నా."

"బయట నించి వెతికితే ఎలా కనపడతాయిరా? లోపల నీళ్ళు పొయ్యి."

పక్కింటాయన కూడా సరిగ్గా అదే చెప్పారు. పడవ కింద బిరడా బిగించి లోపల నాలుగంగుళాలు నీళ్ళు నింపితే, ఎక్కడెక్కడ కారుతోందో బయట చుక్కలుగా తెలిసిపోతుంది. కారే ప్రతి చోటా మార్కరుతో చుట్టూ గీత గీయాలి. మరీ ఎక్కువ పోయకూడదు, ట్రెయిలర్ ఆ బరువు మొయ్యలేదు. మా అబ్బాయి గీతలు గీశాడు, నాన్న లెక్క పెట్టారు. నలభై ఒకటి.

ఈ పడవలు అతుకులు కావు, కుట్లు. అల్యూమినియం రేకుల్ని పక్కపక్కన పెట్టి వందల రివెట్లతో కుడతారు. అరవై ఏళ్ళ అలల దెబ్బలకి రివెట్లు వదులై, వాటి పక్కనించి నీళ్ళు వస్తాయి. వాటిని మళ్ళీ బిగించడం ఒక్కడు చేసే పని కాదు. బయటవైపు రివెట్ తల మీద ఒకడు బరువైన ఇనపదిమ్మ ఆనించి పట్టుకోవాలి. లోపలివైపు తోక మీద ఇంకొకడు సుత్తితో కొట్టాలి. దిమ్మ సరిగ్గా ఆనకుండా కొడితే రేకు సొట్టపోతుంది. ఎక్కువ కొడితే చిల్లు పెద్దదవుతుంది.

అన్నట్టు, ఈ విద్యకి మా ప్రాంతం పెట్టింది పేరు. మా ఇంటికి అరగంట దూరంలో, ఇప్సిలాంటి దగ్గర విల్లో రన్‌లో రెండో ప్రపంచయుద్ధం నాడు ఫోర్డ్ కంపెనీ బి-24 బాంబరు విమానాలు చేసేది. మొత్తం 8,685. ఒక దశలో గంటకొకటి చొప్పున బయటికొచ్చాయంటారు. అక్కడ రివెట్లు కొట్టినవాళ్ళలో వేలమంది ఆడవాళ్ళు, ఒకరు కొట్టేవారూ, ఒకరు దిమ్మ పట్టేవారూ, జంటలు జంటలుగా. యుద్ధం అయ్యాక ఆ అల్యూమినియమూ ఆ విద్యా పడవల్లోకీ వచ్చాయి. విమానాల గ్రమ్మన్ కంపెనీ సైతం తేలికపాటి పడవలు చేసింది. పక్కింటాయన ఇవన్నీ చెప్పి, తన డబ్బాలోంచి అరచేతిలో పట్టే ఇనపదిమ్మ ఒకటి తీసిచ్చారు.

నేను కింద, నాన్న పైన. డెబ్భై ఆరేళ్ళ మనిషిని పడవలో దిండు వేసి కూర్చోబెట్టి చేతికి సుత్తి ఇచ్చాను. మా ఆవిడ చూసి గుండె పట్టుకుంది. "మామయ్యగారూ, మీకెందుకండీ?" అంటే, "ఉండమ్మాయ్, వీడికి చేత కావట్లేదు" అన్నారు. ఆయన మొహం నాకు కనపడదు, నా మొహం ఆయనకి కనపడదు. మధ్యలో రేకు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను దిమ్మ ఆనించగానే ఒకసారి తడతాను. ఆయన కొట్టి, అయిపోతే రెండుసార్లు తడతారు. విమానాల ఫ్యాక్టరీల్లోనూ ఇలాగే తట్టుకునేవారని తరవాత తెలిసింది.

రోజుకి ఐదారు కంటే అయ్యేవి కావు. ఆఫీసు కాల్స్ అయ్యాక సాయంత్రం మొదలుపెట్టి వెలుగున్నంతసేపు చేసేవాళ్ళం. మిషిగన్ వేసవిలో తొమ్మిదిన్నర దాకా వెలుగే కదా. కొంచెం కొంచెంగా నాన్న మాట్లాడ్డం మొదలుపెట్టారు. అన్నీ కొల్లేటి కబుర్లు. ఆయన పుట్టింది ఒక లంక గ్రామంలో. బడికి తాటి దోనెలో వెళ్ళేవారట. తాటిమొద్దుని తొలిస్తే దోనె. దానికి రివెట్లూ లేవు, కుట్లూ లేవు. పెద్ద చెక్కపడవలకైతే సందుల్లో గుగ్గిలం పెట్టేవారు. ఊళ్ళోకి మాట్లేసేవాడు వస్తే అమ్మ ఇంట్లో చిల్లుగిన్నెలన్నీ అరుగు మీద వరసగా పెట్టేదని చెబుతూ, "మీ అమ్మ" అన్న చోట ఆగిపోయారు. పైనుంచి రెండుసార్లు తట్టారు. నేను తరవాతి రివెట్‌కి జరిగాను.

ఇరవయ్యో, ఇరవై ఒకటో అయ్యుంటుంది. జూన్ మొదటివారం. దిమ్మ ఆనించి తట్టకుండా అలాగే ఉండిపోయాను. పడుకుని ఉన్నాను, ఎదురుగా రేకు తప్ప ఏమీ లేదు. అలా ఉంటే నోట్లోంచి వచ్చేసింది.

"నాన్నా, అప్పుడు నేను టికెట్ కోసం ప్రయత్నించలేదు. ప్రయత్నిస్తున్నానని ఊరికే చెప్పాను."

పైన చప్పుడు లేదు. గరాజులో ఎక్కడో ఈగ తిరుగుతోంది.

"తెలుసు" అన్నారు చివరికి. "నీ గొంతు వినగానే తెలిసింది. లెక్కల మాస్టార్ని, హోంవర్కు చెయ్యనివాడి గొంతు నాకు తెలీదా?"

నేనేమీ అనలేదు.

"వచ్చినా ఏం చూసేవాడివిరా? మొత్తం సంచీలో చుట్టి కట్టేసి ఇచ్చారు. దూరంగా నిలబడమన్నారు. మొహం నేను కూడా చూళ్ళేదు."

ఏడాదిగా ఆయన ఎవరికీ చెప్పని మాట అది. మా పెదనాన్న కొడుక్కి కూడా తెలీదు. ఆయన చూశారని, దగ్గరుండి అన్నీ చేశారని నేననుకుంటూ వచ్చాను.

"తట్టవేం?" అన్నారు కాసేపయ్యాక. తట్టాను.

ఆ తరవాత సుత్తి దెబ్బలు కొంచెం గట్టిగానే పడ్డాయి. ఆ రివెట్ పక్కన ఇప్పటికీ చిన్న సొట్ట ఉంది.

మిగతా పని గురించి త్వరగా చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తుందని. మోటారు బిగించే వెనకపలక లోపలి ప్లైవుడ్ పుచ్చిపోయి చేత్తో తీస్తే ఊడొచ్చింది. నేను చవగ్గా వస్తుందని, పురుగు పట్టకుండా మందు పట్టించిన కలప తెచ్చాను. పక్కింటాయన చూసి కొట్టినంత పని చేశారు. ఆ మందులో రాగి ఉంటుంది. రాగీ అల్యూమినియమూ తడిలో తగిలి ఉంటే అల్యూమినియం తినేస్తుంది. సత్తుగిన్నెలో చింతపండు పులుసు నిలవుంచకూడదని మన అమ్మలు చెప్పేవారు చూడండి, కారణం వేరైనా ఫలితం అదే. మెరైన్ ప్లైవుడ్ తెచ్చి, ఎపాక్సీ మూడు పూతలు పూసి, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులతో బిగించాం. పడవ మునిగినా తేలడానికి బల్లల కింద నింపిన నురుగు నీళ్ళు పీల్చి రాయిలా అయిపోయింది. అది తవ్వి తీసేసరికి పడవ బరువు సగం తగ్గినట్టనిపించింది. దాని బదులు గోడలకి వాడే గట్టి గులాబీరంగు ఫోమ్ పలకలు కోసి పెట్టాం. బాగా అరిగిపోయిన ఆరు రివెట్లు తొలిచేసి కొత్తవి వేశాం. లోపల కుట్ల మీద ఎపాక్సీ సీలర్, బయట ప్రైమరు, దాని మీద బాతులకి కనపడని ఎండుగడ్డి రంగు. మళ్ళీ నీళ్ళు నింపాం. నలభై ఒక్క చోట్లా పొడి. మావాడూ తాతయ్యా చేతులు చరుచుకున్నారు.

బయట మోటారు తగిలించే ఇలాంటి చిన్న పడవలకి మిషిగన్‌లో టైటిల్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు, మూడేళ్ళకోసారి. ముక్కుకి రెండు వైపులా మూడంగుళాల ఎత్తున నంబరు ఉండాలి. ఆ అంకెల మీద నాన్న పసుపు, కుంకుమ పెట్టారు. ట్రెయిలర్ చక్రాల కింద నిమ్మకాయలు కూడా. పక్కింటాయన అడ్డు చెప్పలేదు సరికదా, ఒక నిమ్మకాయ తనే తెచ్చారు.

జులై మొదటి శనివారాల్లో ఒకనాడు కెన్సింగ్టన్ మెట్రోపార్కులోని కెంట్ లేక్‌కి వెళ్ళాం. హ్యూరన్ నదికి ఆనకట్ట కట్టగా ఏర్పడిన సరస్సు అది. మాకు అరగంట లోపే. నాన్నకి పది డాలర్లు పెట్టి ఒకరోజు చేపల లైసెన్సు తీశాను. లైఫ్‌జాకెట్ వేసుకోమంటే "కొల్లేట్లో పుట్టినవాణ్ణిరా" అన్నారు. "నేను పుట్టింది కైకలూరు బస్టాండు పక్కన నాన్నా, నా కోసం వేసుకోండి" అన్నాను.

ట్రెయిలర్‌ని వెనక్కి నడిపి ర్యాంపు మీద నీళ్ళలోకి దింపాను. పడవ తేలింది. ఫోటోలు తీసుకున్నాం. ముగ్గురం ఎక్కి ఇరవై గజాలు వెళ్ళామో లేదో, మావాడు "నాన్నా, నా షూస్" అన్నాడు. చూస్తే పడవ నిండా నీళ్ళు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నలభై ఒక్క రివెట్లూ ఒకేసారి ఎలా ఊడతాయి? మోటారుని వదిలేసి రివెట్లు తడుముతున్నాను. నాన్న మాత్రం కదలకుండా కూర్చుని అడిగారు.

"ఒరే, బిరడా ఏదిరా?"

బిరడా నా ప్యాంటు జేబులో ఉంది. మూడు నెలలు చిల్లులు పూడ్చి, కంపెనీవాళ్ళే పెట్టిన చిల్లు మూయడం మర్చిపోయాను. ఇక్కడ పడవలున్న ప్రతివాడూ జీవితంలో ఒక్కసారైనా చేసే తప్పిదని పక్కింటాయన తరవాత ఓదార్చారు. మోటారుకి దండం పెట్టుకుని ఒడ్డుకి తిప్పాను. మావాడు నీళ్ళు తోడుతున్నాడు. నాన్న నవ్వుతున్నారు. పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా, లైఫ్‌జాకెట్ ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నారు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి చూడ్డం.

నీళ్ళు ఒంపేసి, బిరడా బిగించి మళ్ళీ వెళ్ళాం. నాన్నకి అరచేయంత బ్లూగిల్ చేపలు ఏడు పడ్డాయి. కొల్లేటి గొరకలా ఉందన్నారు. పులుసు గురించి మాట్లాడుతుంటే అసలు సంగతి చెప్పాల్సొచ్చింది. పై నించి వచ్చిన రసాయనాల వల్ల 2018 ఆగస్టులో ఈ సరస్సు చేపలు తినవద్దని రాష్ట్రం హెచ్చరించింది. పట్టి వదిలెయ్యడమే. నాన్న చేపని చేతిలో పట్టుకుని కాసేపు చూశారు. "బుడమేరూ తమ్మిలేరూ మా కొల్లేట్లోకి తెచ్చేదీ ఇదేరా. మేం మాత్రం తినేస్తున్నాం" అని నీళ్ళలోకి జార్చారు.

ఇక అక్టోబరు. నాన్న ప్రయాణానికి మూడు రోజుల ముందు, తెల్లవారుజామున నాలుగింటికి, ఇచ్చిన మాట ప్రకారం పక్కింటాయన్ని ఎక్కించుకుని సెయింట్ క్లెయిర్ సరస్సు వైపు రెల్లుపొదల్లోకి వెళ్ళాం. నేను తుపాకీ పట్టను, నాది పడవ నడిపే పని. ఆయన చీకట్లో టార్చిలైటు వేసి తన లైసెన్సుల సంచీ చూపించారు. అందులో ఏటా కొని మీద సంతకం చేసిన డక్ స్టాంపులు. 1934 నించీ బాతుల వేటగాళ్ళు అది కొనాలి. ఇప్పుడు పాతిక డాలర్లు. ఆ డబ్బుతో బాతులు దిగే చిత్తడి నేలలు కొని కాపాడతారు. నేను నాన్నకి తెలుగులో చెప్పాను.

"చంపేవాడి డబ్బుతోనే కాపాడ్డమా?" అని ఆశ్చర్యపోయారు. మన దగ్గర చట్టంతో వేటే పోయింది. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు. అయినా చేపల చెరువులు కొల్లేటిని మింగుతుంటే, 2006లో గట్లు పేల్చాల్సొచ్చింది. ఏది మంచి పద్ధతో నాకు తెలీదు. ఆ చీకట్లో నాన్న కూడా తేల్చలేదు.

తెల్లారుతుంటే వచ్చాయి. ముందు రెక్కల చప్పుడు, తరవాత బాతులు. నాన్న నా మోచెయ్యి పట్టుకుని "పరజలు" అన్నారు గుసగుసగా. చిన్నప్పుడు శీతకాలంలో పరజల కూర వండని ఇల్లు వాళ్ళ లంకలో లేదట. పెద్దాయన రెండుసార్లు కాల్చారు. ఒకటి పడింది. తరవాత ఎన్ని గుంపులు వచ్చినా తుపాకీ ఎత్తలేదు, చేతులు వణుకుతున్నాయన్నారు. ముగ్గురం ఫ్లాస్కులో కాఫీ తాగాం. మా ఆవిడ కట్టిచ్చిన ఇడ్లీలు ఇద్దరు ముసలాళ్ళూ పంచుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. రివెట్లు చూపించుకుని, ఒకసారి, రెండుసార్లు తట్టుకుని నవ్వుకున్నారు.

పెద్దాయన మరుసటేడు ఇల్లమ్మేసి కూతురి దగ్గరికెళ్ళిపోయారు. ఇనపదిమ్మ నా దగ్గరే ఉంచేశారు. నాన్న మళ్ళీ రాలేదు, అంతసేపు విమానంలో కూర్చోలేనంటారు. 2023 డిసెంబరులో వీసా స్టాంపింగ్ దొరికి మేమే వెళ్ళాం. అమ్మ ఫోటో ముందు కూర్చున్నాం. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు మా మాటలన్నీ ఫోన్లోనే. ఆదివారం పొద్దున పడవ కట్టుకుని బయల్దేరే ముందు ఫోన్ చేస్తాను. అక్కడ రాత్రి భోజనం వేళ. బాగున్నావా, పిల్లలు బాగున్నారా, అవేమీ అడగరు.

"బిరడా పెట్టావా?" అంటారు.

పెట్టాననే చెప్తాను. చెప్పేసి, వెళ్ళి ఒకసారి వంగి చూస్తాను.